వందలో నలభై ఒక్క టన్నులే

సింగరేణి బ్లాకుల వేలంపై మాటల యుద్ధం మొదలైన ప్రతిసారీ రెండు పక్షాలూ ఒకే ధీమాతో బరిలోకి దిగుతున్నాయి. గోదావరి లోయలో అపారమైన బొగ్గు ఉంది కాబట్టి వేలం వేసి త్వరగా తవ్వించాలని కేంద్రం అంటుంది. అపారమైన బొగ్గు ఉంది కాబట్టి ఒక్క బ్లాకునూ బయటివాళ్లకు పోనివ్వకూడదని రాష్ట్రమూ, కార్మిక సంఘాలూ అంటాయి. 2021 డిసెంబరులో మూడు రోజుల సమ్మె జరిగినప్పుడు విన్నది ఇదే. 2024 జూన్‌లో శ్రావణపల్లి బ్లాకును వేలం జాబితాలో పెట్టినప్పుడు విన్నదీ ఇదే. బొగ్గు ఎవరిదన్న దానిపై గంటల తరబడి చర్చ జరుగుతుంది. ఎంత బొగ్గన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ చర్చలో వాడుతున్న అంకె పనికిరాదు. భూమిలో ఉన్న బొగ్గు లెక్క వేరు, బయటికి తీయగలిగిన బొగ్గు లెక్క వేరు. మొదటి లెక్కను చూపించి గనుల వేలం, కరెంటు కేంద్రాలు, ఉద్యోగాలు, ఊళ్ల తరలింపు అన్నీ నిర్ణయిస్తున్నారు. రెండో లెక్కను జనం ముందు పెట్టడం లేదు.

ఆ రెండో లెక్క ఎంత చిన్నదో తెలియాలంటే 2010కి వెళ్లాలి. ఆ ఏడాది కోల్ ఇండియా తన షేర్లను మార్కెట్లోకి తెచ్చింది. మదుపరులకిచ్చిన ప్రాస్పెక్టస్‌లో తన బొగ్గు సంపదను అణాపైసలతో సహా చెప్పుకోవాల్సి వచ్చింది. మొత్తం వనరు సుమారు 6,479 కోట్ల టన్నులు. అందులో డ్రిల్లింగ్‌తో రుజువైనది 5,255 కోట్ల టన్నులు. అందులో తీయగలిగినది 2,175 కోట్ల టన్నులు. రుజువైన ప్రతి వంద టన్నుల్లో తీయగలిగినవి 41 అన్నమాట. అంచనా వేసింది పర్యావరణ ఉద్యమకారులు కారు. ప్రపంచంలోనే అతిపెద్ద బొగ్గు సంస్థ తన సొంత కాగితాల్లో తానే రాసుకున్న మాట ఇది. షేరు కొనేవాడికి అబద్ధం చెబితే సెబీ ఊరుకోదు కాబట్టి నిజం చెప్పారు. ఓటు వేసేవాడికి చెప్పాల్సి వచ్చేసరికి ఆ 41 మాయమైంది, వంద మాత్రం మిగిలింది.

పద్నాలుగేళ్ల తర్వాత కూడా పరిస్థితి మారలేదు. 2018 ఏప్రిల్ నాటికి దేశంలో 31,902 కోట్ల టన్నుల బొగ్గు వనరు ఉందని జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పట్టిక చెప్పింది. 2024 ఏప్రిల్ నాటికి అది 38,942 కోట్ల టన్నులైంది. ఆరేళ్లలో ఏడు వేల కోట్ల టన్నులు పెరిగాయన్నమాట. డ్రిల్లింగ్ పెరగడం మంచిదే. కానీ ఆ పట్టికలో రుజువైనది ఎంత, సూచితమైనది ఎంత, ఊహించినది ఎంత అని మూడు వరుసలుంటాయి. తీయగలిగినది ఎంత అన్న నాలుగో వరుస ఉండదు.

ఈ అంకెలు ఎలా పుడతాయో దగ్గర్నుంచి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. డ్రిల్లింగ్ క్యాంపులో రిగ్గు పక్కన చెక్కతోనో రేకుతోనో చేసిన పొడవాటి కోర్ బాక్సులు వరుసగా పేర్చి ఉంటాయి. కోర్ బ్యారెల్‌ను పైకి లాగి, అందులోని రాతి కడ్డీలను లోతు ప్రకారం ఆ గళ్లలో సర్దుతారు. ఇసుకరాయి మూరెడు మూరెడు కడ్డీలుగా చెక్కుచెదరకుండా వస్తుంది. బొగ్గు అలా రాదు. సగం ముక్కలుగా, సగం పొడిగా వస్తుంది, కొంత నీళ్లలో కొట్టుకుపోతుంది. ఎక్కడ బొగ్గు ముగిసి నల్ల షేల్ మొదలైందో జియాలజిస్టు కంటితో చూసి, గామా, డెన్సిటీ లాగ్‌లతో సరిపోల్చుకుని, ల్యాబ్‌కు పంపిన నమూనాల బూడిద శాతం వచ్చాక నిర్ణయిస్తాడు. ఎంత ఓపికగా చేసినా ఆ కడ్డీ వ్యాసం అయిదు సెంటీమీటర్లకు అటూ ఇటూ.

మన దేశంలో దశాబ్దాలుగా నడిచిన 1957 నాటి ప్రామాణిక పద్ధతి ప్రకారం బోర్‌హోల్‌కు బోర్‌హోల్‌కు మధ్య 400 మీటర్ల దూరం ఉంటే ఆ బొగ్గును రుజువైనదిగా రాసుకోవచ్చు. అంటే ఒక్కో బోరు తన చుట్టూ ఉన్న 16 హెక్టార్లకు సాక్షి. పొర మందం మూడు మీటర్లు, విశిష్ట గురుత్వం 1.5 అనుకుంటే ఆ ఒక్క సాక్ష్యం మీద 7.2 లక్షల టన్నులు పట్టికలోకి ఎక్కుతాయి. మందంలో అర మీటరు తేడా వస్తే 1.2 లక్షల టన్నులు అటో ఇటో అవుతాయి. ఇక బోర్ల మధ్య దూరం రెండు కిలోమీటర్లున్న చోట ఒక్కో బోరు నాలుగు చదరపు కిలోమీటర్లకు సాక్ష్యం చెబుతుంది. అదే మూడు మీటర్ల పొరకు 1.8 కోట్ల టన్నులు! ఇదంతా తప్పుడు పని అని నేననడం లేదు. అన్వేషణ అలాగే మొదలవుతుంది, అన్ని దేశాల్లోనూ అలాగే మొదలవుతుంది. తప్పు ఎక్కడంటే, తొలి అంచనాను తుది ఆస్తిగా చూపించడంలో.

గోదావరి లోయ నిర్మాణం తెలిసినవాళ్లకు ఈ దూరాల ప్రమాదం ఇంకా బాగా తెలుసు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిన చీలికల మధ్య నేల కుంగి ఏర్పడిన పొడవాటి లోయ ఇది. పెర్మియన్ యుగపు బరాకర్ రాళ్లలో బొగ్గు పొరలు ఆ భ్రంశాల (ఫాల్టుల) వల్ల ఎక్కడికక్కడ తెగి, కిందికి జారి ఉంటాయి. 400 మీటర్ల దూరంలోని రెండు బోర్ల మధ్య అయిదు మీటర్ల ఫాల్ట్ ఉంటే కాగితం మీద కనపడకపోవచ్చు. భూగర్భంలో బొగ్గు గోడను కోసే లాంగ్‌వాల్ యంత్రం ముందుకు అదే ఫాల్ట్ వస్తే తవ్వకం ఆగిపోతుంది. ఏటా 28 లక్షల టన్నుల లక్ష్యంతో 2014లో మొదలుపెట్టిన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో లక్ష్యానికీ ఉత్పత్తికీ మధ్య దూరం చాలా ఏళ్లు కొనసాగింది. బొగ్గు లేక కాదు, అంత లోతులో దాన్ని తీయడం అంత కష్టం కాబట్టి.

ఇంకో సంగతి బొగ్గు రంగం బయట ఎవరూ చెప్పరు. టన్నుల లెక్క అంటే విస్తీర్ణం, మందం, విశిష్ట గురుత్వం మూడింటి గుణకారం. బూడిద తక్కువున్న బొగ్గు తేలిక, ఎక్కువున్నది బరువు. నాసి బొగ్గున్న బ్లాకులో అదే మందానికి టన్నులు ఎక్కువ వస్తాయి. బొగ్గు నాణ్యత పడిపోయే కొద్దీ నిల్వ పెరిగినట్టు కనిపించే లెక్క ఇది! ఆ బూడిద కూడా ఆ 38,942 కోట్ల టన్నుల్లో భాగమే. దానికి తోడు పట్టికలోకి 1,200 మీటర్ల లోతు దాకా, 0.9 మీటరు, అంతకు మించిన మందం ఉన్న పొరలన్నీ వస్తాయి. దేశంలో చాలా లోతైన గనుల్లో ఒకటైన రాణీగంజ్ ప్రాంతపు చినాకురి సుమారు 700 మీటర్ల దగ్గర ఆగింది. కిలోమీటరు లోతున, మనిషి నడుము ఎత్తున ఉండే పొరను మన దేశంలో ఎవరు తవ్వుతారు? ఏ ధరకు తవ్వుతారు? జవాబు లేదు, కానీ పట్టికలో దానికి చోటుంది.

తవ్వగలిగిన లోతులో ఉన్నదైనా మొత్తం బయటికి వస్తుందా అంటే, సింగరేణి బాయిలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో ముందు సొరంగాలు (గ్యాలరీలు) తవ్వి, పైకప్పును మోయడానికి బొగ్గు దిమ్మెలను వదిలేస్తారు. నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. దిమ్మెల నడిమి దూరం 30 మీటర్లు ఉంటే ఆ దశలో వచ్చే బొగ్గు 29 శాతం. లోతు పెరిగే కొద్దీ దిమ్మె పెద్దదవ్వాలి. ఆ దూరం 45 మీటర్లయితే 20 శాతమే. పొర ఆరు మీటర్ల మందం ఉంటే ఆ ఇరవై కూడా పదికి దిగుతుంది. తర్వాత డీపిల్లరింగ్ చేసి దిమ్మెలు తీస్తారు నిజమే. కానీ పైన ఊరుంటే, రైలు మార్గముంటే, గోదావరి ఉంటే తీయనివ్వరు. తీయాలంటే ఖాళీని ఇసుకతో నింపాలి, ఆ ఇసుక ఖర్చు భరించాలి. ఎల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని కింద దశాబ్దాలుగా దిమ్మెలుగా నిలిచిపోయిన బొగ్గు ఎంతో ఉంది. అదీ ఒకప్పుడు పట్టికలో వందకు వందగానే నమోదైంది.

అందుకే కోల్ ఇండియా 41ని మన లోయకు యథాతథంగా వర్తింపజేసినా మనం ఉదారంగా లెక్కేసినట్టే. కోల్ ఇండియాలో ఒక టన్ను బొగ్గుకు సగటున మూడు ఘనపు మీటర్ల లోపు మట్టి తీస్తే సరిపోతుంది. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో ఆరు ఘనపు మీటర్లకు పైగా ఎత్తిపోయాలి. మణుగూరు వైపు భూగర్భ జలాలు ఒత్తిడితో ఉబికి వస్తాయి. సింగరేణి మొత్తం ఉత్పత్తిలో భూగర్భ గనుల వాటా ఇప్పుడు పదో వంతు కూడా లేదు. పైపొరల్లోని బొగ్గు అయిపోతే మిగిలేది లోతు బొగ్గే.

ఇప్పుడు లెక్క చూద్దాం. తెలంగాణలో అన్ని తరగతులూ కలిపి 2,200 కోట్ల టన్నులకు పైగా వనరు ఉందంటారు. సింగరేణి 2023-24లో తీసింది సుమారు 7 కోట్ల టన్నులు. భాగించేస్తే మూడు వందల ఏళ్లు దాటుతుంది. సభల్లో వినిపించే దీర్ఘాయుష్షు ఇక్కడిదే. రుజువైనదే చూద్దామంటే, సింగరేణి తన గురించి చెప్పుకుంటూ వచ్చిన 879 కోట్ల టన్నులకు నూటపాతికేళ్లు. దాన్ని వందలో 41తో గుణించండి. 360 కోట్ల టన్నులు, 51 ఏళ్లు. మన లోయ కోల్ ఇండియా గనులంత సులువైతేనే ఈ మాత్రం. మూడు వందల ఏళ్లు ఎక్కడ, యాభై ఏళ్లు ఎక్కడ!

ఇందులో కొత్తదనం కూడా ఏమీ లేదు. 2006లో ప్రణాళికా సంఘం కోసం కిరీట్ పారిఖ్ కమిటీ రాసిన సమగ్ర ఇంధన విధానం నివేదికలో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. ఉత్పత్తి ఏటా 5 శాతం చొప్పున పెరిగితే, రుజువైనదీ, సూచితమైనదీ, ఊహించినదీ అన్నీ కలిపినా తీయగలిగిన బొగ్గు సుమారు 45 ఏళ్లలో అయిపోతుందని అప్పుడే చెప్పారు. ఆ తర్వాత ఏం జరిగింది? 2005-06లో 40.7 కోట్ల టన్నులున్న దేశ ఉత్పత్తి 2024-25లో 104.7 కోట్ల టన్నులకు చేరింది. లెక్కేసి చూస్తే ఏటా 5 శాతమే. కమిటీ ఊహించిన వేగంతోనే తవ్వుతున్నాం, కమిటీ చెప్పిన గడువును మాత్రం మరిచిపోయాం.

సాంకేతికత మెరుగుపడితే, ధర పెరిగితే తీయగలిగిన నిల్వా పెరుగుతుందన్న వాదన ఉంది. నిజమే, 41 అనేది రాతి మీద చెక్కిన అంకె కాదు. ప్రాస్పెక్టస్ నాటికి గని ప్రణాళికలోకి రాని బొగ్గు కొంత తర్వాత రావచ్చు. కంటిన్యువస్ మైనర్ యంత్రాలు దిమ్మెల్లో చిక్కిన బొగ్గులో కొంత తెచ్చిపెట్టవచ్చు. కానీ దిశ ఎప్పుడూ పైకే ఉంటుందన్న హామీ లేదు. అమెరికాలో వ్యోమింగ్‌లోని జిలెట్ బొగ్గు క్షేత్రాన్ని అక్కడి జియొలాజికల్ సర్వే 2008లో మళ్లీ లెక్కగట్టింది. మొదట ఉన్న వనరు 20,100 కోట్ల టన్నులు. అప్పటి ధరకు లాభసాటిగా తీయగలిగినది 1,010 కోట్ల టన్నులు. దేశంలోకెల్లా తేలిగ్గా తవ్వగలిగిన బొగ్గని పేరుపడ్డ చోట తేలిన అంకె ఇది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడి ప్రభుత్వ సంస్థే రెండు అంకెలనూ పక్కపక్కన అచ్చువేసింది. ఆకాశం విరిగి పడలేదు.

మన దగ్గర కూడా ఒకసారి ఆ తేడా దేశాన్ని కుదిపింది. 2012లో బొగ్గు కేటాయింపులపై కాగ్ ముసాయిదా నివేదికలోది అంటూ 10.67 లక్షల కోట్ల రూపాయల నష్టం పత్రికల్లో వచ్చింది. తుది నివేదికలో అది 1.86 లక్షల కోట్లయింది. ప్రభుత్వ సంస్థలకిచ్చిన బ్లాకులనూ, భూగర్భ గనులనూ వదిలేసి, ప్రైవేటు ఓపెన్‌కాస్టుల్లో తీయగలిగిన నిల్వనే తుది నివేదిక లెక్కలోకి తీసుకుంది. ఏ బొగ్గును లెక్కించాలన్న ప్రశ్నకు ఎంత బరువుంటుందో ఆనాడు అందరూ చూశారు. చూసి వదిలేశారు.

2020లో చట్టాన్ని సవరించి, పూర్తిగా అన్వేషించని బ్లాకులను కూడా వేలం వేసే దారి తెరిచారు. కనీస బిడ్ ఆదాయంలో 4 శాతం వాటా. బోర్లు దూరదూరంగా వేసిన బ్లాకును కొన్నవాడు తవ్వుతాడో, వెనక్కిస్తాడో, అంకె చూపించి ఏళ్ల తరబడి అట్టిపెట్టుకుంటాడో ఎవరు చెప్పగలరు? అన్నీ తేలిన బ్లాకుకే ఎంత కాలం పడుతుందో నైనీ చూపించింది. ఒడిశాలోని ఆ బ్లాకును సింగరేణికి 2015లో కేటాయిస్తే తొలి బొగ్గు 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చింతలపూడి బొగ్గు పేరెత్తి రాష్ట్రానికి కొత్త సింగరేణి వస్తుందని ఆశలు పెట్టేవాళ్లున్నారు. అక్కడ పొరలు చాలా లోతున ఉన్నాయి. ఆ మాట ఆశ పెట్టేవాళ్లు చెప్పడం లేదు.

ఈ లెక్క పట్టించుకోకపోతే నష్టపోయేదెవరు? దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కట్టారు. దానికి ఏటా కోటి టన్నులకు పైగా బొగ్గు కావాలి, పాతికేళ్లకు పైగా కావాలి. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. తండ్రి ఉద్యోగం కొడుకుకు వస్తే ఆ కొడుకు రిటైరయ్యేదాకా గని ఉంటుందా అని అడిగే హక్కు ఆ కుటుంబానికి ఉంది. మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాల్లో ఓపెన్‌కాస్టు కోసం ఇళ్లూ పొలాలూ ఇచ్చేసి తవ్విపోసిన మట్టి గుట్టల పక్కన బతుకుతున్నవాళ్లకు, ఎన్నేళ్ల బొగ్గు కోసం తమ ఊరు పోయిందో తెలుసుకునే హక్కు ఉంది. మూడు వందల ఏళ్ల బొగ్గని చెప్పి ఊరు తీసుకోవడం, ఇరవై ఏళ్లకు గుంత వదిలేసి పోవడం మోసం. దానికి వేరే పేరు లేదు.

ఆ రెండో అంకె లేక చెప్పడం లేదా అంటే, అదీ కాదు. ప్రతి గని ప్రణాళికలోనూ తీయగలిగిన నిల్వ, గని జీవితకాలం రాసి ఉంటాయి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిపేటప్పుడు గ్రామ పంచాయతీలో పెట్టే తెలుగు సంక్షిప్త నివేదికలోనూ అవి ఉంటాయి. ఒక్కో గనికి విడివిడిగా ఉన్నదాన్ని కూడి, లోయ మొత్తానికి ఇంత, లోతు వారీగా ఇంత, గ్రేడు వారీగా ఇంత అని ప్రకటించడానికి సింగరేణి ప్రణాళికా విభాగానికి కొన్ని వారాల పని. వేలానికి పెట్టే ప్రతి బ్లాకు పత్రంలోనూ బోర్ల మధ్య దూరం, రుజువైన భాగం, తీయగలిగిన టన్నులు మొదటి పేజీలోనే రాయాలని బొగ్గు శాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఇది నా పని కాదని తప్పించుకునే వీలు ఈ ఇద్దరిలో ఎవరికీ లేదు. వచ్చే శాసనసభ సమావేశాల్లోగా ఆ కూడిక ప్రజల ముందు పెట్టాలి. పెట్టకపోతే తెలియక కాదు, దాచాలనే దాచారని మేం అనుకుంటాం. అప్పుడు వేలం వేసేవాళ్ల మాటా నమ్మం, వేలం వద్దనేవాళ్ల మాటా నమ్మం.